ఇరవై ఆరు పిడికిళ్ళ తేడా

నా కవల బిడ్డలిద్దరినీ ఒకే తక్కెడలో, ఒకరికి ఎదురుగా ఒకరిని పడుకోబెట్టి వరసగా ఆదివారాలన్నీ తూచాను. డెబ్బైల చివర్లోని మాట ఇది. అప్పుడు నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో తూకం గుమాస్తాని. చదివింది ఐదో తరగతి. శాతాలూ సరాసరులూ కాటా పక్కన నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. తూచనిదేదీ నాకు నిజంగా తెలిసినట్టు ఉండేది కాదు.

నా భార్య కాన్పుకు ఎమ్మిగనూరులో పుట్టింటికి పోయింది. వాళ్ళది మగ్గం ఇల్లు. పుష్యమాసం చలిలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆసుపత్రి చీటీ మీద ఇద్దరి పక్కనా ఒకే అంకె: రెండు కిలోల రెండు వందలు. ముందు పుట్టినదాన్ని పెద్దపాప అనీ, తర్వాత పుట్టినదాన్ని చిన్నపాప అనీ పిలిచాం. పెద్దపాపకు తల్లి రొమ్ము పట్టడం చేతకాలేదు. ఇద్దరికీ చాలినన్ని పాలు కూడా లేవు. నెల దాటాక పెద్దపాపను డబ్బాపాలకు మార్చారు. చిన్నపాప తల్లి దగ్గరే తాగింది.

డబ్బాలు ఆదోని నుంచి నేనే తీసుకుపోయేవాణ్ణి. మిల్లుకు ఆదివారం సెలవు. పొద్దున బస్సెక్కితే ఎండ ముదరక ముందే ఎమ్మిగనూరులో దిగేవాణ్ణి. ఒక బిడ్డకు ఒకరకం పాలు, ఇంకో బిడ్డకు ఇంకోరకం పాలు అన్నప్పుడు నాలాంటివాడికి తూచాలని అనిపించకుండా ఎలా ఉంటుంది? మగ్గాల గదిలో నూలు తూచే పెద్ద తక్కెడ దూలానికి వేలాడుతూ ఉండేది. పళ్ళాలకు బదులు రెండు వెదురు గంపలు. నేను గంపలో పాతచీర పరిచి పెద్దపాపను పడుకోబెట్టి, ఇనుప తూకంరాళ్ళ కోసం చెయ్యి చాపగానే మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"యావప్పా, పసిబిడ్డని ఇనుముకి ఎదురు పెడ్తావా? రాయికి, ఇనుముకి సమం కడితే బిడ్డ ఆడికాడికే నిల్సిపోతాది. మా ఇంట్లో ఆ పని సేసినోళ్ళు లేరు."

"మరి ఎట్లా తూసేది అత్తా?"

"తూసేదెందుకు? కండ్లు లేవా నీకు?"

నేను ఇంకో గంపలో చిన్నపాపను పడుకోబెట్టాను. బిడ్డకు ఎదురు బిడ్డ. దానికి ఆమె కాదనలేకపోయింది. తేడా వస్తే తేలిక గంపలో జొన్నలు వేయొచ్చంది. తినే గింజ కాబట్టి దోషం లేదట. ఆ జొన్నలు కూడా నన్ను వేయనివ్వలేదు. పిడికిలితో తనే వేస్తానంది.

ఆ మొదటి ఆదివారం ముల్లు నిటారుగా నిలిచింది. సమం. అందరం నవ్వుకున్నాం.

రెండో ఆదివారం పెద్దపాప గంప కిందికి దిగింది. చిన్నపాప వైపు రెండు పిడికిళ్ళు వేస్తే ముల్లు నిలిచింది. మూడో ఆదివారం నాలుగు. నాలుగో ఆదివారం ఆరు. నా జేబుపుస్తకంలో తేదీ పక్కన ఆ అంకె రాసుకున్నాను. ఒక్కటే వరస. పెద్దపాప ఎంత ఎక్కువ, అంతే.

మార్కెట్టుకు వచ్చే పత్తి ఎంత ఎగుడుదిగుడుగా తూగుతుందో నాకు తెలుసు. ఒకే చేనులో, ఒకే రోజు ఏరిన రెండు మూటలు ఎప్పుడూ ఒకలా తూగవు. పెరిగే వస్తువు ఏదైనా అంతే. కానీ ఈ తేడా వారానికి రెండు పిడికిళ్ళ చొప్పున, గీత గీసినట్టు పోయింది. ఎనిమిది. పది. పన్నెండు. ఆరో వారం నుంచి ఆదివారం రాకముందే నాకు అంకె తెలిసిపోయేది. బస్సులో కూర్చుని మనసులో అనుకునేవాణ్ణి, ఈసారి పద్నాలుగు అని. పద్నాలుగే వచ్చేది. నా లెక్క తప్పాలని కోరుకోవడం నా జీవితంలో అదే మొదలు.

తూకం ఎప్పుడూ మధ్యాహ్నమే. మగ్గాల వాళ్ళు అన్నానికి లేస్తారు కాబట్టి గది అప్పుడే ఖాళీ. పొద్దున్నుంచి దడదడమన్న మగ్గాలు ఒక్కసారిగా ఆగితే చెవుల్లో ఏదో మూసుకుపోయినట్టు ఉండేది. మిద్దె కప్పులో వెలుతురు కోసం విడిచిన గవాక్షి లోంచి ఎండ ఒక స్తంభంలా కిందికి దిగేది. దూది నూగు అందులో తేలుతూ ఉండేది. నేను తక్కెడ వదలగానే పెద్దపాప గంప నింపాదిగా ఆ ఎండలోకి దిగేది. చిన్నపాప గంప చప్పుడు లేకుండా పైకి, దూలాల చీకట్లోకి పోయేది. తక్కెడలో ఉన్నంతసేపూ ఇద్దరూ ఏడ్చేవాళ్ళు కాదు. ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు. పైనున్నది కిందున్నదాన్ని. కిందున్నది పైనున్నదాన్ని. దిగేటప్పుడు పెద్దపాప ఒక్కోసారి నవ్వేది.

మా అత్త పిడికిలి తర్వాత పిడికిలి వేస్తూ పైకే లెక్కపెట్టేది. గింజలు వెదురు మీద రాలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. జొన్నల బరువుకు చిన్నపాప మెల్లగా చీకట్లోంచి కిందికి వచ్చేది. అప్పుడు దాన్ని చూస్తే ఎక్కడికో పోయి తిరిగొచ్చినదానిలా అనిపించేది.

మొదట్లో వీధి ఆడవాళ్ళు వింత చూడ్డానికి వచ్చేవాళ్ళు. పదహారు పిడికిళ్ళ వారం నుంచి రావడం మానేశారు.

పెద్దపాప ఎంత తాగినా ఏడ్చేది. సీసా ఖాళీ అయ్యీ కాకముందే మళ్ళీ నోరు తెరిచేది. పెదవులు ఎండిపోయి ఉండేవి. బుగ్గలు నిండి, మణికట్ల దగ్గర మడతలు పడి, వయసుకు మించిన మనిషిలా ఉండేది. ఉయ్యాలలో ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెడితే దాని తల ఎప్పుడూ చెల్లెలి వైపే తిరిగి ఉండేది. ఒక ఆదివారం పోయేసరికి ఇద్దరి మధ్యా ఒక చేట నిలబెట్టి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

పెద్దకడుబూరు నుంచి మా అత్తకు అక్క వచ్చింది. ఆమె తూకం చూసిన రోజు అంకె ఇరవై నాలుగు. పిడికిళ్ళు ముగిసేదాకా గోడకు ఆనుకుని నిలబడి, చివర్న నెమ్మదిగా అంది:

"ఇది దాన్ని తింటాంది."

"అక్కా, గమ్మునుండు," అంది మా అత్త.

"గమ్మునుంటే ఆగుతాదా? నువ్వే లెక్కబెడితివి గదమ్మే. వారానికి రెండు పిడికిళ్ళు ఆడ తగ్గుతాంది, ఈడ పెరుగుతాంది. తల్లిపాలు నీళ్ళయినాయి. దాంట్లో సత్తువ లేదు. సత్తువంతా ఇది గుంజుకుంటాంది."

నా భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. "పెద్దమ్మా, సిన్నదాని మొలతాడు రెండుసార్లు ఒదులు సేసి కట్టినా. తగ్గే బిడ్డకి మొలతాడు బిగుతైతాదా?" అంది.

"దారం సంగతి నాకు సెప్తావా? మగ్గం ఇంట్లో పుట్టినా నేను గూడా. సెమటకి దారం ముడుసుకుంటాది."

అందరూ నా వైపు చూశారు. లెక్క నాది కదా. నేను జేబుపుస్తకం తీసి చూశాను. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఆమె మాటకు అడ్డుచెప్పే అంకె అందులో ఒక్కటి కూడా లేదు. "లెక్క అట్లనే ఉండాది," అన్నాను. నా భార్య లేచి చిన్నపాపను ఎత్తుకుని లోపలికి పోయింది.

పెద్దలు తేల్చింది ఇది: చిన్నపాపను కూడా రొమ్ము మాన్పించి డబ్బాపాలకు మార్చాలి. పాలు ఇంకిపోవడానికి బాలింత రొమ్ములకు మల్లెపూలు కట్టడం మా వైపు ఆడవాళ్ళకు తెలిసిన పని. వచ్చే శనివారం సాయంత్రం కడతామన్నారు. ఆదివారం వచ్చేటప్పుడు ఒక డబ్బా బదులు రెండు తెమ్మన్నారు. సరేనన్నాను. బయల్దేరే ముందు పెద్దపాపను ఎత్తుకోమని నా భార్య అందించింది. చేతులు కడుక్కోలేదని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నాలుగు నెలలు నిండిన నా బిడ్డను ముట్టుకోవడానికి నాకు భయం వేసింది.

ఆ శనివారం మిల్లులో రెండు పత్తి బోరేలు, పెద్ద గోతాం మూటలు, కాటా దగ్గరికి వచ్చాయి. మోసుకొచ్చిన హమాలీ ఆదోని సాబు, నాకన్నా పదేళ్ళు పెద్ద. నోరు ఊరుకోదు.

"ఎంతొచ్చింది గుమాస్తన్నా?"

నా ధ్యాస ఎక్కడో ఉంది. రెండు బోరేల వైపు చూసి, "దానికన్నా ఇది ఐదు కిలోలు ఎక్కువ," అన్నాను.

అతను నడుం మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వాడు. "అరె, అదేం లెక్కన్నా! నేనూ మా తమ్ముడూ పక్కపక్కన నిలబడితే వాడు జానెడు పొడుగు. అట్లని నేను దినామూ కుంగిపోతాండానా ఏంది? ఏది ఎంతో సెప్పు, రాసుకుంటారు."

నేను జేబుపుస్తకం తీశాను. తేడా పెరగడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి తగ్గుతూ ఉండొచ్చు. లేదా రెండూ పెరుగుతూ, ఒకటి ఎక్కువగా పెరుగుతూ ఉండొచ్చు. పదమూడు ఆదివారాలు నేను తూచింది తేడాని మాత్రమే. నా బిడ్డలు ఒక్కొక్కరు ఎంత బరువో నాకు తెలియనే తెలియదు. రోజుకు వందల మూటలు తూచే మనిషిని నేను.

పూలు కట్టకముందే ఎమ్మిగనూరు చేరాలని, అప్పుడే పోనివ్వమని మేనేజరును బతిమాలి చూశాను. లోడు ఎక్కేదాకా కదలడానికి వీల్లేదన్నాడు. మరునాడు మొదటి బస్సుకు పోయాను. వీధి మొదట్లోనే మల్లెల వాసన తగిలింది. మగ్గం వీధిలో ఎప్పుడూ గంజి వాసనే. ఆ ఎండలో పెళ్ళిల్లు లాంటి ఆ వాసన పీల్చగానే పూలు కట్టేశారని తెలిసిపోయింది.

నా భార్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రవికె మీద గట్టిగా గుడ్డ చుట్టి, అందులో పూలు. ఒంటి వేడికి పూలు గోధుమరంగుకు తిరిగాయి. చిన్నపాప తాగిన డబ్బాపాలు రెండుసార్లు కక్కి, నీరసంగా మూలుగుతూ ఉంది. పెద్దపాప ఉయ్యాలలోంచి ఆ మూలుగు వింటున్నట్టు కదలకుండా ఉంది.

"తక్కెడ కట్టండి," అన్నాను.

"ఇంగా ఏం తూస్తావప్పా?" అంది మా అత్త.

"ఒక్కొక్కదాన్నే. ఇనుము వద్దు. జొన్నలకే ఎదురు పెడ్తా."

ఆమె ఏం అనుకుందో, జొన్నల గంప తెచ్చి ఇచ్చింది. ఈసారి నన్నే పోయనిచ్చింది. చిన్నపాప ఒక గంపలో. ఇంకో గంపలోకి జొన్నలు పోస్తూ పోయాను. పాప ఇంకా కిందే ఉంది. ఇంకా పోశాను. కదల్లేదు. అంత తేలిక బిడ్డ అనుకున్నది అన్ని జొన్నలకు లేవకపోయేసరికి అందరూ గంప దగ్గరికి జరిగారు. చివరికి ముల్లు నిలిచింది. బిడ్డను దించి, అదే గంపలో ఇనుప రాళ్ళు పెట్టి ఆ జొన్నలు తూచాను. ఐదు కిలోలు.

ఆసుపత్రి చీటీ తీసి పక్కన పెట్టాను. రెండు కిలోల రెండు వందలు. తగ్గడం కాదు, రెండింతలు దాటింది. పెద్దపాపను కూడా అలాగే తూచాను. ఆరు కిలోల మూడు వందలు. తేడా ఒక కిలో మూడు వందలు. మా అత్త పిడికిలి యాభై గ్రాములు పడుతుంది. ఇరవై ఆరు పిడికిళ్ళు. ఆ అంకె నేను బస్సులోనే అనుకున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రి నర్సమ్మ రెండిళ్ళ అవతల అద్దెకు ఉండేది. నేనే పోయి పిలుచుకొచ్చాను. గడప దాటుతూనే ఆమె ముక్కు ఎగబీల్చి, "ఎవురు కట్టించినారు ఈ పూలు? ఇప్పదీయండి," అని కేకేసింది.

నేను నా అంకెలు చూపించాను. ఆమె చిన్నపాప కాళ్ళు పట్టి చూసి, "దీనికేం రోగం? కవల పిల్లకి ఇంతకన్నా ఏం కావాల? తల్లిపాలతో పెరగాల్సినట్టు పెరిగింది," అంది. తర్వాత పెద్దపాప పెదవులు వేలితో తాకి, "దీనికి పాలు కలిపేది ఎవురు?" అంది.

"నేనేమ్మా," అంది మా అత్త.

"ఏదీ, నా ముందర కలుపు."

మా అత్త డబ్బాలోని చెంచాతో పొడి తీసింది. కుప్పగా తీసింది. చెంచా మీద ఇంకో చెంచా నిలబడినంత ఎత్తు. నర్సమ్మ డబ్బా తిప్పి బొమ్మ చూపించింది. బొమ్మలో కత్తితో పైపొడి గీసేసి, అంచుకు సమంగా చెంచా తల కొడుతున్నారు.

"తల కొట్టి పోయాలమ్మా. ఈడ బొమ్మేసి పెట్టినారు గదా."

"బిడ్డకి పెట్టేది తల కొడ్తారా యాడన్నా?" మా అత్త గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. ఆ ఇంట్లో అమ్మే గింజలకు కొలత తల కొడతారు. కూలివాళ్ళకు, బిడ్డలకు కొలిచేది కుప్పగానే కొలుస్తారు. తల కొట్టడమంటే పిసినారితనం. ఆమె చెయ్యి పెద్దది, మనసూ పెద్దది. రోజుకు ఆరేడుసార్లు, అదే చెయ్యి, అదే కుప్ప. నా పుస్తకంలో గీత గీసినట్టు వచ్చిన అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది.

నర్సమ్మ కింద కూర్చుని నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. "దూడ నెలన్నరకే పుట్టినప్పటికి రెండింతలైతాది. లేసి పరిగెత్తాల గదా అది. అందుకే ఆవుపాలల్లో మాంసకృత్తులు తల్లిపాలకన్నా మూడింతలు. మనిషిబిడ్డకి అంత తొందర లేదు. దానికి నాలుగైదు నెలలు పడ్తాది, అంతకి సరిపోయేటివే తల్లిపాలల్లో ఉంటాయి, వందకి ఒక వంతు. ఈ డబ్బాలోదీ ఆవుపాల పొడే. సరిగ్గా కలిపినా తల్లిపాలకన్నా మాంసకృత్తులు ఎక్కువే. మీరు దానిమీద కుప్ప పోస్తిరి. బిడ్డని దూడని సేసి పెట్టినారు." మళ్ళీ పెద్దపాప వైపు చూసింది. "ఇది ఏడ్సేది ఆకలికి కాదు. అంత సిక్కటి పాలకి పుట్టే దప్పికకి."

ఆ మాటకు మా అత్త చెంచా కింద పెట్టేసింది.

దప్పిక. మూడు నెలలు ఆ బిడ్డ దాహమని ఏడిస్తే మేము ఇంకో కుప్ప చెంచా కలిపి పోశాం. అది తల తిప్పి చెల్లెలి వైపు చూస్తే మధ్యన చేట పెట్టాం. మేమంతా దాన్ని చూసి భయపడ్డాం. నేను కూడా.

నా భార్య లేచి కూర్చుని గుడ్డ విప్పింది. పూలు తడిసి ముద్దలు ముద్దలుగా నేలమీద రాలాయి. ఆ చప్పుడు గుర్తుంది. రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయని నర్సమ్మ వేడినీళ్ళ గుడ్డ పెట్టించింది. చిన్నపాపను అందించారు. పాప నోరు పెట్టి చీకింది, వదిలేసింది, ఏడ్చింది. మళ్ళీ పెట్టారు. నేను గడప బయట నిలబడి గుటక పడుతుందా అని వింటున్నాను. ఆ పొద్దు మగ్గాలు ఆడలేదు, ఇంట్లో మాటలు లేవు. ఎంతసేపైందో నేను లెక్కపెట్టలేదు. ఎప్పుడో ఒక గుటక వినిపించింది. తర్వాత చాలాసేపటికి రెండోది.

మూడు రోజులకు కుడివైపు పాలు తిరిగొచ్చాయి. ఎడమవైపు రాలేదు. ఒక్క రాత్రి పూలతో అలా ఎండిపోతుందా అని తర్వాత నర్సమ్మను అడిగాను. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది, చెప్పలేం అంది. చిన్నపాప ఆ ఒక్కవైపు పాలే సంవత్సరం దాకా తాగింది. పెద్దపాపకు తల కొట్టిన చెంచాతో కలిపిన రోజు నుంచి ఏడుపు తగ్గింది, పెదవులు తడిదేరాయి. పెరుగుదల కూడా నెమ్మదించింది. పెద్దయ్యాక కూడా అక్కే కొంచెం బరువు. అది ఆ మూడు నెలల వల్లేనా అని అడిగితే నేను చెప్పలేను. రెండు మూటలు తూచి మార్కెట్టంతా ఇంతేనని చెప్పకూడదని నాకు తెలుసు.

ఆ ఎండాకాలమంతా ప్రతి ఆదివారం పోతూనే ఉన్నాను. పోగానే పెద్దపాపను ఎత్తుకునేవాణ్ణి. మొదట్లో అది నా ముఖం చూసేది కాదు, నా భుజం మీదుగా ఎటో చూసేది. నా భార్య మాత్రం నేను గదిలోకి రాగానే చిన్నపాపతో గోడ వైపు తిరిగి కూర్చునేది. సిగ్గేమో అనుకున్నాను. నాలుగు వారాలు చూసి, ఎందుకట్లా తిరుగుతావని అడిగాను.

తల తిప్పకుండానే అంది, "నువ్వు సూస్తే లెక్కబెడ్తావు."